కాలు తీసేయమన్నారా? ముందు ఆ తెల్ల గింజల్ని మైక్రోస్కోపు కింద పెట్టించండి

మీ నాన్నగారి గురించి మీరు రాసిందంతా చదివాను. నాకు అర్థమైనంత వరకు విషయం ఇది. ఆయనకు 54 ఏళ్లు, కళ్యాణదుర్గం దగ్గర మెట్ట వ్యవసాయం. ఐదేళ్ల కింద ఎడమ పాదం మీద నొప్పి లేని చిన్న గడ్డ లేచింది. ఇప్పుడు పాదం ముందు భాగమంతా వాచి గట్టిపడి, ఏడెనిమిది చోట్ల చిల్లులు పడ్డాయి. చీముతో పాటు తెల్లటి రవ్వలాంటివి పడుతున్నాయి. షుగర్ లేదు, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. రెండుసార్లు ఆపరేషన్ చేసి శుభ్రం చేశారు, మళ్లీ వచ్చింది. ఆరు నెలలు టీబీ మందులు వాడారు, కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఎక్స్‌రేలో ఎముక తినేసిందని, చీలమండ పైకి కాలు తీసేయాలని ఒక సర్జన్ చెప్పారు. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బని ఇంకెవరో అన్నారు. బ్యాక్టీరియా అయితే ఇన్ని యాంటీబయాటిక్స్ వాడినా ఎందుకు తగ్గలేదు, కాలు తీయక తప్పదా అన్నది మీ ప్రశ్న.

ప్రభుత్వ బోధనాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇలాంటి పాదాలు చూశాను, వాటిలో మందులతో నయమైనవే ఎక్కువ. మనిషిని చూడకుండా జబ్బు తేల్చి చెప్పడం కుదరదు. కానీ నొప్పి లేకుండా మెల్లగా పెరిగే వాపు, ఒకటి మూసుకుంటే పక్కన ఇంకొకటి తెరుచుకునే చిల్లులు, చీములో గింజలు, ఈ మూడూ ఒకే పాదంలో కలిసి ఉన్నాయంటే, వేరే ఏదని రుజువయ్యేదాకా దాన్ని మైసెటోమా అనే అనుకోవాలి. మదురా ఫుట్ అనేదీ దీన్నే. 1842లో మదురైలో గిల్ అనే బ్రిటిష్ వైద్యుడు ఈ పాదాల గురించి రాశాడు. 1860 ప్రాంతంలో బొంబాయిలో పనిచేసిన వాండైక్ కార్టర్ దీన్ని లోతుగా పరిశీలించి మైసెటోమా అని పేరు పెట్టాడు. గ్రేస్ అనాటమీ అనే ప్రసిద్ధ శరీర నిర్మాణ శాస్త్ర పుస్తకానికి బొమ్మలు గీసింది ఆ కార్టరే. ఇంత పాతకాలం నుంచి మన నేల మీద తెలిసిన జబ్బు, ఇవాళ్టికీ ఐదేళ్ల పాటు పేరు లేకుండా తిరుగుతోందంటే నాకు బాధగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

ఇక అసలు సంగతి. చూడ్డానికి ఒకేలా ఉండే ఈ పాదం రెండు వేర్వేరు కారణాల వల్ల వస్తుంది. ఒకటి ఫంగస్ వల్ల, దాన్ని యూమైసెటోమా అంటారు. రెండోది దారాల్లా పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వల్ల, దాన్ని ఆక్టినోమైసెటోమా అంటారు. నోకార్డియా, ఆక్టినోమాడ్యురా, స్ట్రెప్టోమైసిస్ జాతులవి ఇవి. మన దేశం మొత్తం మీద చూస్తే బ్యాక్టీరియా రకమే ఎక్కువ, రాజస్థాన్ వైపు ఫంగస్ రకం ఎక్కువ. ఫంగస్ రకం మందులకు అంత తేలిగ్గా లొంగదు, చాలాసార్లు ఆపరేషన్ కూడా కావాలి. బ్యాక్టీరియా రకం సరైన మందుల జోడీతో, తగినన్ని నెలలు వాడితే ఎక్కువమందిలో కత్తి పెట్టకుండానే నయమవుతుంది. అంటే మీ నాన్నగారి కాలు ఉంటుందా పోతుందా అన్నది ముందుగా ఆ తెల్ల గింజలో ఏముందన్న దాని మీద ఆధారపడి ఉంది. మీరు పంపిన రిపోర్టుల్లో ఆ ఒక్క పరీక్ష ఎక్కడా కనిపించలేదు. చీము కల్చర్ ఉంది, ఎక్స్‌రే ఉంది, రక్త పరీక్షలు ఉన్నాయి. గింజ మాత్రం ఎవరూ చూడలేదు.

ఆపరేషన్ తేదీ ఇచ్చారని రాశారు. ఆయనకు జ్వరం, వణుకు, పాదం ఒక్కసారిగా ఎర్రబడి వేడెక్కి కాలి పైకి పాకడం, మనిషి మగతగా ఉండటం లాంటివి ఏవైనా ఉంటే అది ఎమర్జెన్సీ. అప్పుడు వెంటనే ఆస్పత్రిలో చేర్చాలి, ఈ సమాధానం చదువుతూ కూర్చోకూడదు. అవేవీ లేకుండా ఐదేళ్లుగా ఉన్నట్టే ఉంటే, ఒక నెల ఆగడం వల్ల పోయేదేమీ లేదు. సర్జన్ గారికి మర్యాదగానే చెప్పండి: "మైసెటోమా అవునో కాదో, అయితే ఏ రకమో తేలాక నిర్ణయం తీసుకుంటాం సార్." ఇందులో ఆయన్ని తప్పుపట్టడం ఏమీ లేదు.

గింజను ఎలా పట్టుకోవాలో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే పని అంతా ఇక్కడే చెడుతుంది. రాత్రి పడుకునే ముందు పాదాన్ని మామూలు నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో అద్ది, చీము కారుతున్న చిల్లుల మీద సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గాజ్ గుడ్డ (పుండ్లకు కట్టే పలుచటి గుడ్డ) వేసి వదులుగా కట్టండి. ఆయింట్‌మెంట్, పసుపు, పౌడర్ ఏదీ వద్దు. పొద్దున్నే కట్టు విప్పితే గుడ్డ పోగుల మధ్య చీముతో పాటు గింజలు అంటుకుని ఉంటాయి. వెలుతురులో పట్టుకుని చూడండి. ఉప్మా రవ్వ గింజంత, ఒక్కోసారి అంతకన్నా చిన్నగా, తెల్లగానో లేత పసుపుగానో కనిపిస్తాయి. ఆ గుడ్డను శుభ్రమైన డబ్బాలో పెట్టి, ఆరిపోకుండా కాస్త సెలైన్ పోసి, అదే పూట ల్యాబ్‌కు చేర్చాలి. ఆస్పత్రిలోనైతే డాక్టరే తెరుచుకున్న చిల్లు చుట్టూ వేళ్లతో నొక్కి గింజ తీస్తారు.

ఆ గింజను స్లైడ్ మీద పెట్టి, ఒక చుక్క పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి, పైన ఇంకో గాజు పలక పెట్టి నలుపుతారు. మెత్తగా నలిగిందా, ఇసుక రేణువులా గరగరలాడిందా అన్నది కూడా అనుభవం ఉన్నవాళ్లకు ఒక గుర్తే. తర్వాత మైక్రోస్కోపులో చూస్తే, ఫంగస్ అయితే లావుపాటి దారాలు, రెండు నుంచి ఐదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంతో, కొన్నిచోట్ల ఉబ్బి కనిపిస్తాయి. బ్యాక్టీరియా అయితే ఒక మైక్రాన్ కూడా లేని సన్నటి పోగులు చిక్కుపడి ఉంటాయి. బ్యాక్టీరియాను చూడటానికి వాడే గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేస్తే అవి ఊదా రంగులో నిలుస్తాయి. ఈ పరీక్షకు పెద్ద మిషన్లు అక్కర్లేదు. మైక్రోస్కోపు, చూసే కన్ను ఉంటే గంటలో తేలిపోతుంది. ఐదేళ్లు, రెండు ఆపరేషన్లు, ఆరు నెలల టీబీ మందులు గడిచాక కూడా ఈ గంట పని జరగలేదన్నదే నా ఆవేదన.

రంగు కూడా కొంత చెబుతుంది. నల్ల గింజ అయితే దాదాపు ఎప్పుడూ ఫంగసే. ఎర్ర గింజ అయితే ఆక్టినోమాడ్యురా పెల్లెటేరీ అనే బ్యాక్టీరియా. మీ నాన్నగారివి తెల్లవి. ఇక్కడే జాగ్రత్త. తెల్ల గింజలు ఎక్కువగా బ్యాక్టీరియావే అయినా, కొన్ని ఫంగస్‌లు కూడా తెల్ల గింజలే ఇస్తాయి. కాబట్టి రంగు చూసి మందు మొదలుపెట్టే కేసు కాదు ఇది. ఇంకో తికమక కూడా ఉంది. బోట్రియోమైకోసిస్ అని, మామూలు స్టాఫిలోకాకస్ లాంటి సూక్ష్మజీవులే ముద్దకట్టి గింజలుగా పడే అరుదైన జబ్బు. పైకి అచ్చం ఇలాగే ఉంటుంది, మందులు వేరు. స్లైడ్ మీద పోగులకు బదులు గుండ్రటి చుక్కల గుంపులు కనిపిస్తాయి.

గింజతో పాటు లోతైన బయాప్సీ కూడా కావాలి. పైపైన చర్మం ముక్క తీస్తే ఏమీ తెలియదు, గింజ ఉండే లోతు నుంచి తీయాలి. తీసిన ముక్కను రెండు భాగాలు చేయమని డాక్టర్‌ను ముందే అడగండి. ఒకటి ఫార్మలిన్‌లో పాథాలజీకి, రెండోది సెలైన్‌లో మైక్రోబయాలజీకి. మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తే అందులో ఏ జీవీ బతకదు, కల్చర్‌కు ఇక దారి ఉండదు. ఆపరేషన్ థియేటర్లో హడావుడిలో జరిగే పొరపాటు ఇదే. ల్యాబ్ ఫారం మీద "మైసెటోమా అనుమానం, కల్చర్ కనీసం నాలుగు వారాలు ఉంచాలి" అని రాయించండి. మామూలు చీము కల్చర్ రెండు రోజుల్లో చూసి పారేస్తారు. ఈ బ్యాక్టీరియా పెరగడానికి వారాలు పడుతుంది. మీ దగ్గరున్న రిపోర్టులో స్టాఫిలోకాకస్ పెరిగిందని ఉంది కదా, అది ఆశ్చర్యం కాదు. చిల్లు తెరుచుకుని ఉన్నప్పుడు బయటి నుంచి అది చేరుతుంది, తొందరగా పెరుగుతుంది. దానికి మందు వేస్తే వారం రోజులు చీము తగ్గుతుంది, ఇంట్లో వాళ్లకు ధైర్యం వస్తుంది, మళ్లీ మామూలే. వీలైతే శాంపిల్ తీయడానికి రెండు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్స్ ఆపితే కల్చర్ దొరికే అవకాశం పెరుగుతుంది. ఆపొచ్చో లేదో మాత్రం డాక్టర్ చూసి చెప్పాలి.

మీకు ఖర్చు లేకుండా అయ్యే పని ఇంకొకటి ఉంది. ఇంతకుముందు రెండు ఆపరేషన్లలో తీసిన ముక్కలు పరీక్షకు పంపారా అని కనుక్కోండి. పంపి ఉంటే ఆ ముక్కల్ని మైనంలో పోసి దాచిన దిమ్మెలు పాథాలజీ ల్యాబ్‌లో ఉండే అవకాశం ఉంది. వాటి నుంచి కొత్త స్లైడ్లు కోసి, గింజల కోసం వెతకమని ఇంకో పాథాలజిస్టుకు చూపించవచ్చు. "క్రానిక్ ఇన్ఫ్లమేషన్" అని ఒక్క ముక్కలో రాసిన రిపోర్టు వెనక గింజ దాక్కుని ఉండటం నేను చూశాను. ఆ ముక్కలో గింజ ఒక్కచోటే ఉంటుంది, చాలా కోతలు కోస్తే గానీ దొరకదు.

టీబీ మందుల గురించి. టీబీ కూడా ఎముకలో చీము గడ్డలు, చిల్లులు తెస్తుంది. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి డాక్టర్లకు ముందు అదే తడుతుంది. కానీ రుజువు లేకుండా వేసిన టీబీ కోర్సు ఈ జబ్బులో మోసం చేస్తుంది. అందులోని రిఫాంపిసిన్‌కు ఈ బ్యాక్టీరియాల్లో కొన్ని పాక్షికంగా లొంగుతాయి. దాంతో మొదటి రెండు మూడు నెలలు వాపు తగ్గుతుంది, "చూశారా, టీబీయే" అనుకుంటారు. ఒంటరి మందుతో సగం చచ్చిన జబ్బు మళ్లీ లేస్తుంది. మీ నాన్నగారి కథ అలాగే నడిచిందని నా అనుమానం. నోకార్డియాకు ఇంకో చిక్కు ఉంది. టీబీ క్రిమి కోసం వేసే ఎర్ర రంగును ఇది కూడా బలహీనంగా పట్టుకుంటుంది. ఒక శాతం ఆమ్లంతో కడిగితే రంగు నిలుస్తుంది, టీబీకి వాడే ఇరవై శాతం ఆమ్లంతో కడిగితే పోతుంది. అందుకని ల్యాబ్‌కు ఏం వెతుకుతున్నామో చెప్పి పంపాలి. మళ్లీ టీబీ మందులు మొదలుపెడదామని ఎవరైనా అంటే, జీన్ ఎక్స్‌పర్ట్ లాంటి పరీక్షలో రుజువు చూపమని అడిగే హక్కు మీకుంది.

బ్యాక్టీరియా అయితే ఇన్ని యాంటీబయాటిక్స్‌కు ఎందుకు లొంగలేదన్నారు. ఆ క్రిములు విడివిడిగా ఉండవు. గింజగా ముద్దకట్టి, చుట్టూ గట్టి పదార్థం పేర్చుకుని, దాని చుట్టూ మన ఒళ్లు కట్టిన పీచు కండలో కూర్చుంటాయి. ఆ పీచులో రక్తనాళాలు తక్కువ, మందు చేరేది తక్కువ. మెల్లగా పెరిగే క్రిమి కాబట్టి ఐదు రోజుల కోర్సు, పది రోజుల కోర్సు దాన్ని తాకి వెళ్లిపోతాయి. ఒకే మందు ఎక్కువ రోజులు వాడితే దానికి అలవాటుపడే ప్రమాదం వేరే. ఆపరేషన్ కూడా అంతే. కనిపించిన మేరకు తీసేస్తే, గరికను పైపైన చెక్కినట్టు, పక్క కణుపు నుంచి మళ్లీ వస్తుంది.

బ్యాక్టీరియా రకం అని తేలితే వాడే పద్ధతులు ప్రధానంగా రెండు. మెక్సికోలో వెల్ష్ అనే చర్మవైద్యుడు 1987లో ప్రచురించిన పద్ధతిలో, అమికాసిన్ ఇంజెక్షన్ రోజుకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున 21 రోజులు, దానితో పాటు కోట్రైమాక్సజోల్ మాత్రలు 35 రోజులు. ఈ ఐదు వారాలు ఒక విడత. అవసరాన్ని బట్టి మళ్లీ మళ్లీ ఇస్తారు. తర్వాత మన దేశంలో దానికి రిఫాంపిసిన్ కలిపి వాడటం మొదలైంది. రెండోది ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ రామం బృందం రూపొందించింది. మొదటి నాలుగు వారాలు జెంటామైసిన్ 80 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు నరానికి, దానితో కోట్రైమాక్సజోల్ ఎక్కువ మోతాదులో. ఆ తర్వాత ఇంజెక్షన్ ఆపి, డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కోట్రైమాక్సజోల్ కొనసాగింపు. చిల్లులన్నీ మూసుకున్నాక కూడా ఇంకో ఐదారు నెలలు. నాకు ఈ రెండోది మన పరిస్థితులకు బాగా కుదిరిందనిపిస్తుంది. నెల రోజులు ఆస్పత్రిలో ఉంటే చాలు, మిగతాదంతా మాత్రలే, పొలానికి పోతూనే వాడుకోవచ్చు. మందులన్నీ పాతవి, చవకవి. ప్రభుత్వాసుపత్రిలో దొరుకుతాయి, జన ఔషధి దుకాణంలోనూ అడగొచ్చు. వీటికి లొంగకపోతే ఇమిపెనెమ్, లినెజోలిడ్ లాంటివి ఉన్నాయి. అవి ఖరీదైనవి, అంతదాకా ఎక్కువమందికి రాదు.

మోతాదులు మీకు అవగాహన కోసం రాశాను. ఊళ్లో తెలిసిన కాంపౌండర్ చేత ఇంజెక్షన్లు చేయించుకునే మందులు కావు ఇవి. ఈ విషయంలో నేను గట్టిగా చెప్తాను.

అమికాసిన్, జెంటామైసిన్ రెండూ మూత్రపిండాలను, చెవి లోపలి నరాన్ని దెబ్బతీయగలవు. కిడ్నీ దెబ్బ తొందరగా గుర్తిస్తే చాలావరకు కోలుకుంటుంది. చెవిది తిరిగి రాదు. అందుకే మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) రెండూ చేయాలి. తర్వాత క్రియాటినిన్ కనీసం వారానికోసారి, ఆడియోగ్రామ్ రెండు వారాలకోసారి. వినికిడి ముందు పై స్థాయి శబ్దాల్లో పోతుంది, మాటలు మామూలుగానే వినిపిస్తాయి కాబట్టి మనిషికి తెలియదు. చెవుల్లో గుయ్యిమని మోత, తల తిప్పితే తూలినట్టు ఉండటం, నడకలో పట్టు తప్పడం, వీటిలో ఏది వచ్చినా అదే పూట డాక్టర్‌కు చెప్పాలి. వార్డులో మా సిస్టర్లు ఇంజెక్షన్ పెట్టే ముందు రోజూ "చెవిలో మోత ఉందా, ఒంటేలు సరిగా వస్తోందా" అని అడిగేవాళ్లు. ఆ రెండు ప్రశ్నలు మీరూ రోజూ అడగండి. ఇంకొకటి, ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ సూదులు, మాత్రలు వేయించుకోవడం పల్లెల్లో మామూలు. ఈ ఇంజెక్షన్లు నడుస్తున్నన్నాళ్లు అవి పూర్తిగా బంద్. రెండూ కలిస్తే కిడ్నీ మీద దెబ్బ రెట్టింపు. నొప్పికి పారాసిటమాల్ చాలు.

కోట్రైమాక్సజోల్ సల్ఫా మందు. గతంలో ఎప్పుడైనా సల్ఫా మాత్రలకు దద్దుర్లు వచ్చాయా అని నాన్నగారిని గుచ్చి గుచ్చి అడగండి. మొదటి నాలుగు వారాలు ముఖ్యం. నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం మంటగా నొప్పిగా ఉండి ఎర్రటి మచ్చలు, పొక్కులు రావడం, వీటితో జ్వరం, ఇలా ఏది కనిపించినా మాత్ర ఆపేసి ఆస్పత్రికి పరుగెత్తాలి. మర్నాటిదాకా చూద్దామనుకునే విషయం కాదు. రక్తకణాల లెక్క నెల నెలా చూస్తారు, మొదలుపెట్టే ముందు జి6పిడి పరీక్ష (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ తగినంత ఉందో లేదో చూసేది) చేయిస్తే మంచిది. మీ కేసులో నేను ప్రత్యేకంగా చెప్పాలనుకున్నది బీపీ మాత్ర సంగతి. టెల్మిసార్టాన్ రక్తంలో పొటాషియం పెంచుతుంది, కోట్రైమాక్సజోల్ కూడా పెంచుతుంది. రెండూ కలిస్తే పొటాషియం ప్రమాదకరంగా పెరిగి గుండె లయ తప్పవచ్చు. మందు మొదలుపెట్టే ముందే బీపీ మాత్ర పేరు డాక్టర్‌కు చెప్పండి. ఆమ్లోడిపిన్ లాంటి దానికి మార్చడం చాలాసార్లు తేలిక. మీ అంతట మీరు ఆపేయొద్దు. మార్చినా మార్చకపోయినా మొదటి వారంలోనే పొటాషియం చూపించుకోవాలి.

డాక్సీసైక్లిన్‌తో పెద్ద టెన్షన్ లేదు. భోజనం తర్వాత గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు. ఎండలో పనిచేసే మనిషి కాబట్టి మొహం, చేతులు మాడినట్టు ఎర్రబడొచ్చు. తలపాగా, పొడుగు చేతుల చొక్కా ఉంటే సరిపోతుంది.

ఇక ఎముక. "ఎముక తినేసింది కాబట్టి తీసేయాలి" అన్న మాట ఫంగస్ రకంలో కొంతవరకు నిజం కావచ్చు. బ్యాక్టీరియా రకంలో ఎముకలో గుంటలు పడ్డవాళ్లు కూడా మందులతో నయమవుతారు, ఆ గుంటలు కాలక్రమంలో పూడుకుంటాయి కూడా. జబ్బు ఎంత లోతుకు, ఎంత దూరం వెళ్లిందో ఎక్స్‌రే కంటే ఎం.ఆర్.ఐ. బాగా చెబుతుంది. అందులో చిన్న వలయం మధ్యలో చుక్కలా కనిపించేది గింజే, రేడియాలజిస్టులు దాన్ని బట్టే చాలాసార్లు మైసెటోమా అని పట్టేస్తారు. గజ్జల్లో బిళ్లలు ఉన్నాయేమో కూడా చూడమనండి. కొందరిలో జబ్బు అక్కడికి పాకుతుంది. అలా పాకిందని తెలియకుండా పాదం తీసేస్తే, కాలూ పోయి జబ్బూ మిగులుతుంది. నా అభిప్రాయంలో బ్యాక్టీరియా రకం మైసెటోమాలో కాలు తీయడం అనేది సరైన మందులు పూర్తిగా వాడి చూశాక, అవేవీ పనిచేయక, పాదం ప్రాణం మీదకు తెస్తున్నప్పుడు మాత్రమే ఆలోచించాల్సిన విషయం.

తగ్గుదల ఎలా ఉంటుందో చెప్తాను, లేకపోతే మధ్యలో నిరాశపడతారు. మొదట చీము పలచబడుతుంది, గింజలు తగ్గుతాయి. ఇంజెక్షన్ల నెల పూర్తయ్యేసరికి చాలామందిలో ఈ తేడా కనిపిస్తుంది. తర్వాత చిల్లులు ఒక్కొక్కటీ లోపలికి లాక్కున్నట్టు మచ్చలుగా మూసుకుంటాయి. వాపు అన్నిటికంటే ఆఖరున, అదీ పూర్తిగా కాకుండా తగ్గుతుంది. ఐదేళ్ల వాపులో కొంత పీచు కండ అలాగే మిగిలిపోతుంది, దాన్ని చూసి జబ్బు తగ్గలేదనుకోవద్దు. అసలు ప్రమాదం చిల్లులు మూసుకున్న రోజే మొదలవుతుంది. "తగ్గింది కదా, ఇంకెందుకు మాత్రలు" అని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. పొలం పనులు, పెళ్లిళ్లు అడ్డొస్తాయి, మాత్రలు ఆగిపోతాయి. లోపల మిగిలిన నాలుగు గింజలే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ పైకి తీసుకొస్తాయి. అందుకే మూసుకున్నాక కూడా ఐదారు నెలలు మందు వాడాలి. ఆపే ముందు అల్ట్రాసౌండో ఎం.ఆర్.ఐ.యో చేసి లోపల గింజలు లేవని చూసుకోవాలి. ఆపాక కూడా కొన్నేళ్లు చూపించుకుంటూ ఉండాలి. మొత్తం ఏడాది పైనే పడుతుందని ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి.

ఇంట్లో మీ అమ్మగారు భయపడుతున్నారని రాశారు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. కంచం, మంచం వేరు చేయక్కర్లేదు. క్రిమి మట్టిలో ఉంటుంది, ముల్లు గుచ్చుకున్నప్పుడో, చిన్న గాయంలోంచో లోపలికి పోతుంది. అది దిగిన నెలలకో ఏళ్లకో గడ్డ లేస్తుంది, అందుకే ఎప్పుడు గుచ్చుకుందో ఎవరికీ గుర్తుండదు. తుమ్మ ముళ్లు, సర్కారు తుమ్మ కంపలు ఉన్న మీ నేలలో చెప్పుల్లేకుండా తిరగడం మానాలి. మందపాటి టైరు చెప్పులైనా సరే, బూట్లైతే ఇంకా మంచిది. దీక్షలు తీసుకున్నా ఈ ఏడాది ఉత్త కాళ్లతో నడవొద్దని చెప్పండి. పాదం మీద ఆకు పసర్లు, సున్నం, కిరోసిన్ పోయనివ్వొద్దు. రోజూ కడిగి పొడిగా కట్టు కట్టడం, ఈగలు వాలకుండా చూడటం, టీటీ ఇంజెక్షన్ వేయించడం, ఇంతే.

ఎక్కడికి వెళ్లాలంటే, చర్మవ్యాధుల విభాగం, మైక్రోబయాలజీ, పాథాలజీ ఒకే ఆవరణలో ఉన్న బోధనాసుపత్రికి. మీకు అనంతపురం, కర్నూలు సర్వజన ఆస్పత్రులు దగ్గర. వీలైతే తిరుపతి, వెల్లూరు, హైదరాబాద్ ఉస్మానియా కూడా. ముందు ఎముకల డాక్టర్ దగ్గరికి కాకుండా చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు, టీబీ మందుల కార్డు, బీపీ మాత్రల అట్ట, రాత్రి కట్టిన గాజ్ గుడ్డ ఉన్న డబ్బా వెంట తీసుకెళ్లండి.

ఒకవేళ గింజలో ఫంగస్ అని తేలితే పైన చెప్పిన ఇంజెక్షన్లు ఏవీ పనికిరావు. అప్పుడు ఇట్రాకొనజోల్ నెలల తరబడి, లివర్ పరీక్షలు చూసుకుంటూ వాడి, గడ్డ కుంచించుకుని చుట్టూ గీత కట్టాక, దాన్ని పూర్తిగా తీసేసే ఆపరేషన్ చేస్తారు. ఆపరేషన్ తర్వాత కూడా మందు కొనసాగుతుంది. అక్కడ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ, నయమయ్యేవాళ్ల శాతం తక్కువ, ఆ మాట దాచను. అయినా అక్కడ కూడా మొదటి మెట్టు పాదం తీయడం కాదు. స్లైడ్ రిపోర్టు, క్రియాటినిన్, ఎం.ఆర్.ఐ. చేతికొచ్చాక వాటిలో ఏముందో రాయండి, ఏ పద్ధతి కుదురుతుందో అప్పుడు చెప్తాను.